పసిఫిక్ దీవులలో ఒక పల్లెపేరు



కొత్తగూడెమువారికి నీరనగా గోదావరియే. నా సహధర్మచారిణి యెరిగిన జలప్రయాణమంతయు పాపికొండల నడుమ లాంచీ మీద పోయి, పేరంటపల్లిలో దిగి, శివదర్శనము చేసికొని మరలి వచ్చుటయే. అట్టి మేమిరువురము ఉద్యోగవిరమణానంతరము సిడ్నీ రేవున ఓడ నెక్కి, 30 దినములు పసిఫిక్ మహాసముద్రపు దీవులను చూచి వచ్చితిమన్నచో మా వీధివారే మొదట నమ్మలేదు. టిక్కెట్టు సొమ్ము సిడ్నీలో నున్న మా అమ్మాయి యిచ్చినది. బడిపంతులు పింఛనుతో నగు పని కాదు.

నేను మొదట ఒప్పుకొనలేదు. బౌధాయన ధర్మసూత్రమున పతనీయములను లెక్కించునపుడు సముద్రయానము మొట్టమొదటనే చెప్పబడినది. మూడేండ్ల ప్రాయశ్చిత్తము కూడ నున్నది. ఈ మాట ఇంటిలో నంటిని. నా భార్య చేటలో బియ్యము చెరుగుచు, తల యెత్తకయే, "అది బౌధాయనుల సంగతి గదండీ, మనది ఆపస్తంబసూత్రము" అన్నది. జీవితమంతయు పిల్లలకు వ్యాకరణము చెప్పిన నాకు దానికి సమాధానము దొరకలేదు. పాస్‌పోర్టునకు ఫోటో తీయించుకొంటిని.

ఓడను గూర్చి యెక్కువ చెప్పను. అది యంతస్తుల మేడ. అందు ఈతకొలను, నాటకశాల, రాత్రింబవళ్లు భోజనము గలవు. పెరుగన్నమునకు మాత్రము వంటవానిని ప్రత్యేకముగా బతిమాలుకొనవలసి వచ్చెను. మొదటి రెండు దినములు నేల కనబడలేదు. "గట్టు లేని నీళ్లు చూడలేకుండా ఉన్నానండీ" అని నా భార్య కిటికీ తెర వేసికొని కూర్చున్నది. మూడవనాడు ఫ్రెంచివారి యేలుబడిలోని న్యూ కలెడోనియా దీవికి రాజధానియైన నుమేయా చేరితిమి. రేవునకు చేరువనే నికెలు కరగించు కార్ఖానా. దాని పొగగొట్టములు చూడగానే, చిన్ననాట సింగరేణి గనుల కూత విని నిద్ర లేచిన నాకు ప్రాణము లేచి వచ్చినట్లయ్యెను. తక్కిన యాత్రికులు తెల్లని యిసుకతిన్నెలకు పోయిరి. మేమిరువురము మాత్రము పొగ చూచుచు కూర్చుంటిమి.

ఇంతకును నేను చెప్పదలచినది లౌటోకా ముచ్చట. ఫిజీ దేశపు పెద్దదీవియగు వీటీలేవుకు పడమటి రేవు లౌటోకా. ఓడ దిగగానే చెరకుమిల్లు కనబడును. ఆ మిల్లు 1903లో ఆడనారంభించెను. దానిని కట్టిన చక్కెర కంపెనీ సిడ్నీ నగరమునకు చెందినది, అనగా మేము ఓడ నెక్కిన యూరే. ఆ కంపెనీ 1973లో ఫిజీని విడిచి పోయినది. మిల్లు నడచిన తొలి సంవత్సరమే, అనగా 1903లోనే, చెన్నపట్టణము నుండి మొదటి కూలీల ఓడ ఫిజీకి పోయెను. కలకత్తా నుండి యీ పంపకము 1879 లోనే మొదలైనది. 1916తో అది నిలిచిపోవునప్పటికి హిందూదేశము నుండి అచ్చటికి చేరినవారు 60,000 పైచిలుకు. అందు ఇంచుమించు నాలుగవ వంతు చెన్నపట్టణపు రేవున ఎక్కినవారు. ఉత్తర ఆర్కాడు, కృష్ణా, గోదావరి, విశాఖపట్టణము జిల్లాల తెలుగువారు వీరిలో అనేకులు.

ఎగ్రిమెంటు అను మాట వారి నోట "గిర్మిట్" అయినది. ఆ గిర్మిట్ ఐదేండ్ల కట్టుబాటు. పురుషునకు దినమునకు ఒక షిల్లింగు, స్త్రీకి 9 పెన్నీలు, అదియు నప్పగించిన పని ముగించినచోనే. ఉచితముగా స్వదేశము చేరవలెనన్న పదేండ్లు అచ్చట గడపవలెను. ధూమనౌకలలో వారి ప్రయాణము సుమారు 30 దినములు. మేము విహరించినదియు 30 దినములే. ఈ లెక్క నాకు లౌటోకాలో తోచెను. తోచిన పిదప ఓడలోని పంచభక్ష్యములు మునుపటివలె రుచింపలేదు.

అచ్చటి కూరగాయల సంతలో నా భార్య వంకాయలు చూచుచు నిలబడినది. కొనవలసిన పని లేదు, చేయి యూరకుండదు. అమ్ముచున్న వృద్ధుడు ఆమె ముక్కుపుడకను, చీరకట్టును చూచి, "అమ్మా" అని పిలిచెను. ఆ పిలుపు తెలుగే. దాని వెనుక మరల తెలుగు లేదు. తాత, అవ్వ, పప్పు, పండుగ, మరి నాలుగైదు మాటలు మాత్రము అతనికి మిగిలియున్నవి. తక్కినదంతయు ఫిజీ హిందీ. కూలి లైన్లలో ఉత్తరాదివారే యెక్కువగుటచే, వారి భాషలన్నియు కలగలిసి యేర్పడిన ఆ హిందీనే దక్షిణాదివారును నేర్వవలసి వచ్చెను. మనవారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 1926లో సాధు కుప్పుస్వామి నాంది నగరమున దక్షిణాదివారికొక సంగమును స్థాపించెను. 1941లో తెలుగువారు దక్షిణ ఇండియా ఆంధ్ర సంగమును వేరుగా పెట్టుకొనిరి. బడులు కట్టిరి, గుడులు కట్టిరి. ఐనను ఇంటిలో పిల్లవాడు పలుకు భాషను సంగము నిలుపగలదా?

నేను నిజాము కాలపు ఉర్దూ వాసన గల నా హిందీలో, మాది కొత్తగూడెమని చెప్పితిని. వృద్ధుడు చేతిలోని తక్కెడ దింపివేసెను. అంగడి మనుమనికి అప్పగించి, మమ్ము దగ్గరనే యున్న తన యింటికి తీసికొనిపోయి, బీరువాలో నుండి యొక కాగితము తెచ్చెను. అది 1911లో అతని తాత ఓడ నెక్కునపుడు ఇచ్చిన పాసునకు నకలు. పేరు, తండ్రి పేరు, వయస్సు 24, ఎత్తు, ఎడమ మోకాలి క్రింద గాయపు మచ్చ. జిల్లా గోదావరి. తాలూకా పేరు తడిసి చెరిగిపోయినది. గ్రామము ఆంగ్లాక్షరములలో కొత్తగూడెము.

తాత పుట్టిన యూరివారు తన గుమ్మములోనికి వచ్చిరని ఆ వృద్ధుని కన్నులు నిండెను. నాకు గొంతు పట్టుకొనిపోయెను. ఏలనన, 1911లో మన కొత్తగూడెము నైజాము రాజ్యములోనిది. గోదావరి జిల్లా ఇంగ్లీషువారి చెన్నరాజధానిలోనిది. ఏటికి ఆవలి భద్రాచలము తాలూకా ఆ జిల్లాలో నుండెను గాని, ఈవలి మన యూరు లేదు. గూడెమనగా అడవిపట్టున చిన్న పల్లె. క్రొత్తగా గుడిసెలు వేసికొన్న చోటెల్ల కొత్తగూడెమే. ఆ పేరి పల్లెలు గోదావరి కిరుప్రక్కలను అనేకములు గలవు.

నా భార్య నా మొగము చూచి సంగతి గ్రహించినది. "ఊరుకోండి. మా ఊరేనని ఒక్క మాట అంటే మీ సొమ్మేం పోతుంది?" అని తెలుగులో మెల్లగా అన్నది. నేను ఊరకుండలేకపోతిని. తప్పు వ్రాసిన పిల్లవానికి ఒప్పు చెప్పక విడువని అలవాటు. ఉన్న మాట చెప్పితిని. ఆ పెద్దమనిషి కాగితమును మడతలు చెడకుండ మడచుచు చాలసేపు మాటాడలేదు. తరువాత, "ఐతే ఆ పేరు నొక్కసారి సరిగా పలుకుడు. మేము ఇంగ్లీషు అక్షరములు చూచి కోటాగుడమ్ అనుచున్నాము" అనెను. మూడుసార్లు పలికితిని. అతడు వెంట పలికెను. కాగితము వెనుక తెలుగు లిపిలో వ్రాసి యిమ్మనెను. నా చేతివ్రాత ముత్యములవలె నుండునని పేరు గలది. ఆనాడు తకారమునకు తావత్తు వంకర పోయినది. సంత నుండి వచ్చిన మనుమడు ఆ యక్షరములను తన చేతిఫోనులో ఫోటో తీసికొని, ఏది "కొ", ఏది "త్త" అని యడిగి తెలిసికొనెను.

ఓడ నెక్కిన పిదప మూడు దినములు మా నడుమ మాటలు తక్కువ. సువా పోయినది, నడిసముద్రము పోయినది. సమోవా దీవులలో ఏపియా చేరునాటికి శనివారము. నా భార్యకు శనివారము ఒంటిపూట భోజనము. మరునాడు ఉదయము అమెరికా సమోవాలోని పాగోపాగోలో దిగితిమి. 100 మైళ్లకు లోపు దూరము. అచ్చటను శనివారమే! దినరేఖ యనబడునది ఆ రెంటి నడుమ పోవుచున్నది. వెనుక సమోవావారును అమెరికా దినమునే పాటించుచుండిరి. ఆస్ట్రేలియా, న్యూజీలాండులతో వర్తకమునకు అనుకూలముగా నుండుటకై 2011లో డిసెంబరు 30వ తేదీ శుక్రవారమును క్యాలెండరులో నుండియే తీసివేసి, గురువారము రాత్రి పండుకొని శనివారము లేచిరి.

నేను ఉత్సాహముతో నా భార్యకు వివరింప మొదలిడితిని. వారము మనుష్యులు పెట్టుకొన్న లెక్క. తిథి యట్లు కాదు. అది చంద్రునకు సూర్యునకు గల యెడము, 12 భాగలకు ఒక తిథి. ఓడ యెటు తిరిగినను అది రెండుసార్లు రాదు. కాబట్టి రెండవ ఒంటిపూట అక్కరలేదంటిని. ఆమె విని, "పొద్దుటి దూరంలో రెండు శనివారాలు ఉంటే మీకు అభ్యంతరం లేదు. ఆ ముసలాయనకు రెండు కొత్తగూడేలు ఉంటే మాత్రం ఒప్పుకోలేకపోయారు" అన్నది. ఆ పూట కూడ ఒంటిపూటయే చేసినది. ఎవరి కొరకని నేను అడుగలేదు.

అటు పిమ్మట తాహితి వరకు పోయితిమి. 1769లో కెప్టెన్ కుక్ శుక్రుడు సూర్యబింబమునకు అడ్డముగా పోవుటను కనిపెట్టిన తీరమును చూచితిమి. అది వేరొక ప్రసంగమునకు తగిన విషయము.

ఇల్లు చేరి నెల తిరుగకముందే నేను పటములు ముందు వేసికొని కూర్చుంటిని. భద్రాచలము అవతల, దిగువ మన్యములో, కొత్తగూడెములను గుర్తించి ఒక్కొక్కదానికి పోవుచున్నాను. మూడు చూచితిని. రెండిట 1911 నాటి మాట యెరిగినవారు లేరు. మూడవచోట ఒక ముదుసలి, తన మేనత్త మామగారి అన్న "చక్కెర దేశము" పోయెనని విన్నట్లు చెప్పినది. పేరు చెప్పలేకపోయినది. ఈ తిరుగుళ్లలో నా భార్య వెంట వచ్చుచున్నది. అడుగుటలో నా కంటె నేర్పరి. నేను జిల్లా తాలూకా అని మొదలుపెట్టుదును, ఆమె ముత్యాలమ్మ గుడి యెక్కడని మొదలుపెట్టును.

ఈ ప్రసంగమును వినుచున్నవారిలో గోదావరి పరిసరముల ఏ కొత్తగూడెమువారైన నున్నచో మీ యింటి పెద్దలను ఒక్కమా రడుగుడు. 1911లో, 24 ఏండ్ల వాడు, ఎడమ మోకాలి క్రింద గాయపు మచ్చ గలవాడు, పనికని చెన్నపట్టణము పోయి మరలి రానివాడు మీ వంశమున ఎవడైన నుండెనా? ఉండినయెడల రేడియో కేంద్రపు చిరునామాకు ఒక కార్డు వ్రాయుడు. అతని పేరును, తండ్రి పేరును నేనిక్కడ చెప్పలేదు. మీ కార్డులో మీరే వ్రాయవలెను. నా యొద్ద నున్న నకలుతో సరిచూచుకొందును.