జర్మను భాషలో ప్రథమయు ద్వితీయయు



విభక్తులు వల్లించుటవలన నేమి ప్రయోజనమని నేఁడు పలువు రడుగుచున్నారు. జర్మనీకి విద్యార్థమై పోఁగోరు మన యువతీయువకులకు ఆ ప్రయోజనము మొదటి పాఠముననే తెలియును.

"గురువు శిష్యుని మెచ్చెను" అనినను, "శిష్యుని గురువు మెచ్చెను" అనినను మన కర్థ మొక్కటియే. ఇంగ్లీషున నట్లు మార్చినచో గురుశిష్యులు తాఱుమాఱగుదురు. జర్మను ఈ విషయమున మనకే సన్నిహితము. "డేర్ లేరర్ లోబ్ట్ డేన్ ష్యూలర్" అనఁగా గురువు శిష్యుని మెచ్చుచున్నాఁడు. "డేన్ ష్యూలర్ లోబ్ట్ డేర్ లేరర్" అనినను అదియే యర్థము. మనకు ప్రత్యయము నామము చివరఁ జేరును. వారికి సాధారణముగా నామమునకు ముందున్న ఉపపదము మాఱును. "డేర్" ప్రథమ, "డేన్" ద్వితీయ. రేఫము పోయి నకారము వచ్చుటయే భేదము.

ఈ మార్పు పుంలింగైకవచనమునకే. స్త్రీలింగమున "డీ", నపుంసకమున "డాస్", బహువచనమున "డీ" రెండు విభక్తులందును సమానములు. సంస్కృతమున "ఫలమ్" అను రూపము ప్రథమాద్వితీయలు రెంటికిని చెల్లుట లేదా? ఇది కాకతాళీయము కాదు. ఆ రెండు భాషలును ఒకే మూలమునుండి వెలువడినవి. "తత్" అనుదానికి "డాస్", "తమ్" అనుదానికి "డేన్" జ్ఞాతులు. 1816లో ఫ్రాంజ్ బాప్ అను జర్మను పండితుఁడు సంస్కృత క్రియారూపములను గ్రీకు, లాటిను, పారసీక, జర్మానిక రూపములతోఁ బోల్చి గ్రంథము ప్రకటించి, యీ చుట్టఱికమును శాస్త్రరీతిని పరిశీలించుటకు బాట వేసెను.

లింగ మెఱుఁగక విభక్తి తెలియదు. వారికి బల్ల పుంలింగము, సూర్యుఁడు స్త్రీలింగము, చంద్రుఁడు పుంలింగము. కావున నామమును ఉపపదముతోనే కంఠస్థము చేయవలెను.

మూఁడు సంగతులు మఱవరాదు. "ఎర్ ఇస్ట్ డేర్ లేరర్", అతఁడే ఆ గురువు. ఇచట రెండును ప్రథమలే, ఏలయన "ఇస్ట్" అను క్రియకుఁ గర్మ లేదు. ప్రథమ యెల్లపుడు కర్తకే యనుటయుఁ దప్పు. "డేర్ ష్యూలర్ విర్డ్ గెలోబ్ట్", శిష్యుఁడు మెచ్చఁబడుచున్నాఁడు; "శిష్యః ప్రశస్యతే" అనుచోటవలెనే కర్మము ప్రథమను ధరించినది. ఇఁక "డీ ముట్టర్ లోబ్ట్ డీ టోఖ్టర్" అనుచోట తల్లికూఁతుండ్రలో మెచ్చిన దెవరో రూపము చెప్పఁజాలదు. సందర్భము వేఱుగాఁ జెప్పనిచో ముందున్న తల్లియే కర్త్రి.

సందేహము కలిగినపుడు క్రియనే యడుగుఁడు. "వేర్", ఎవఁడు? ప్రత్యుత్తరము ప్రథమ. "వేన్", ఎవనిని? ప్రత్యుత్తరము ద్వితీయ. ఇచటను రేఫనకారములే సాక్షులు. బాల్యమున "ఎవఁడు, ఎవనిని" అని ప్రశ్నించుట నేర్చిన బిడ్డకు ఈ ద్వారము తెఱచియే యుండును. మన బడులలో ఆ యభ్యాసమును నిలుపుకొందము.