కాలేజీ పిల్లల లాప్‌టాప్, నాన్నల పాండిత్యం

శాన్ రామన్‌లో మా వీధిలో ఇద్దరు ముగ్గురిలో ఒకరు సాఫ్ట్‌వేరు వాళ్ళే. అయినా వేసవి వచ్చిందంటే ఇంటింటా అదే ప్రశ్న: కాలేజీకెళ్ళే పిల్లకి ఏ లాప్‌టాప్ కొనాలి?

ముందు నా తెలివి సంగతి చెప్పాలి. రెండేళ్ళ క్రితం మా అమ్మాయికి మెకానికల్ ఇంజనీరింగులో సీటొచ్చింది. ఆఫీసులో నేను వాడేది మాక్‌బుక్ కదా అని, తనని అడక్కుండా అదే కొనేశాను. కొన్నాళ్ళకి క్లాసులో సాలిడ్‌వర్క్స్ మొదలైంది. అది విండోస్ కోసం చేసిన సాఫ్ట్‌వేరు. పాత ఇంటెల్ మాక్‌లలో బూట్ క్యాంప్‌తో విండోస్ వేసుకునే వీలుండేది. 2020 నుంచి వస్తున్న ఆపిల్ సొంత చిప్‌ల మాక్‌లకు ఆ దారి లేదు. పిల్ల అర్ధరాత్రి దాకా లాబ్‌లో కూర్చుని, ఒంటరిగా డార్మ్‌కి నడిచి వెళ్ళేదట. నాకు చెప్పలేదు, వాళ్ళమ్మతో ఓసారి ఫోన్లో నోరుజారింది. అడిగితే, "డిపార్ట్‌మెంటు వాళ్ళు ముందే రాసి పెట్టారు నాన్నా" అంది.

కనుక షాపుకెళ్ళే ముందు ఆ కాగితం చదవండి. ఆర్కిటెక్చర్ పిల్లలు వాడే రెవిట్‌దీ ఇదే కథ. సాహిత్యం, చరిత్ర చదివేవాళ్ళకి ఏదైనా ఫరవాలేదు. మెమరీ మాత్రం 16 జీబీకి తగ్గకండి. చాలావాటిలో బోర్డుకే అతికించేస్తున్నారు, తర్వాత పెంచలేం. గేమింగ్ లాప్‌టాప్ మోజు పడితే బరువు చూడండి, వీపున మోసేది మనం కాదు. ఇంట్లో పడున్న విండోస్ 10 మెషీన్ ఇచ్చి పంపుదామంటారా, దానికి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది.

వచ్చే ఏడు మావాడి వంతు. "ఈసారి నేనే చూసుకుంటాను, నువ్వు కార్డు ఇవ్వు చాలు" అన్నాడు.