ఎద్దును పట్టుకుపోతే ఏం చెయ్యాలి?



ఇంట్లో గొడ్డూ గోదా ఉంటే మేత వేసేది ఎవరు? కుడితి పెట్టేది ఎవరు? పేడ ఎత్తేది ఎవరు? ఎక్కువగా ఆడవాళ్లే. గొడ్డుకు బాగా లేదని ముందు తెలిసేది కూడా వాళ్లకే. అందుకే ఈ సంగతి ముందు మీకు తెలియాలి.

ఒక ఇల్లు ఉందనుకోండి. ఆ ఇంటికి ఒక జత ఎద్దులే ఆధారం. ఎండాకాలం. ఇటుక బట్టీకి బండి కట్టాలి. ఒక ఎద్దుకు కాడి ఒరిసి మెడ మీద పుండు పడింది. ఇల్లాలు చూసింది.

"పుండు మీద కాడి ఎట్లా పెడతావయ్యా? మానేదాకా ఆగు" అంది.

"ఆగితే బట్టీ ఆయన ఇంకో బండి పెట్టుకుంటాడు. తిండి ఎవరు పెడతారు?" అన్నాడు మగడు. పుండు మీద గోనెగుడ్డ చుట్టి బండి కట్టాడు.

మిట్టమధ్యాహ్నం రోడ్డు మీద ఎద్దు కూలబడింది. జనం మూగారు. ఎస్.ఐ. వచ్చి గుడ్డ తీసి చూశాడు. ఎద్దును తీసుకుపోతామన్నాడు. ఇల్లాలు పరుగెత్తుకుంటూ వచ్చింది. "ఇంక మా ఎద్దు మాకు రాదా?" అని ఏడ్చింది.

ఆ ప్రశ్నకు జవాబు చట్టంలో ఉంది. జంతువులను హింసించకుండా కాపాడే చట్టం 1960లో వచ్చింది. ఆ చట్టం కోసం పాటుపడిన వాళ్లలో రుక్మిణీదేవి అరండేల్ ముఖ్యులు. ఆమె పేరు పొందిన నాట్యకళాకారిణి. 1952లో రాజ్యసభ సభ్యురాలయ్యారు. నోరులేని జీవాల కోసం అక్కడ బిల్లు పెట్టారు. 1962లో జంతు సంక్షేమ బోర్డు ఏర్పడింది. దానికి మొదటి అధ్యక్షురాలు ఆమే.

ఆ చట్టం ఏం చెబుతోంది? పుండు పడిన గొడ్డుతో, జబ్బు గొడ్డుతో, పని చెయ్యలేని ముసలి గొడ్డుతో పని చేయించడం నేరం. మోయలేని బరువు వెయ్యడం నేరం. మేత, నీళ్లు, నీడ లేకుండా ఉంచడం నేరం. ఊరికే వదిలెయ్యడం కూడా నేరమే.

1965 నాటి నియమాలు ఇంకా వివరంగా చెప్పాయి. బండి లాగే గొడ్డు చేత రోజుకు 9 గంటలకు మించి పని చేయించకూడదు. విశ్రాంతి లేకుండా 5 గంటలకు మించి చేయించకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా కాడి కట్టకూడదు. గాడిద వీపు మీద 50 కిలోలకు మించి వెయ్యకూడదు.

మరి గొడ్డును ఎవరు తీసుకుపోవచ్చు? కానిస్టేబులు కంటే పై హోదా ఉన్న పోలీసు తీసుకుపోవచ్చు. లేదా ప్రభుత్వం అధికారం ఇచ్చిన మనిషి తీసుకుపోవచ్చు. దారిన పోయేవాళ్లు ఫిర్యాదు చెయ్యవచ్చు గానీ, గొడ్డును విప్పుకుపోయే హక్కు వాళ్లకు లేదు.

ఎక్కడికి తీసుకుపోతారు? దగ్గరలో ఉన్న మేజిస్ట్రేటు దగ్గరికి గానీ, పశువుల డాక్టరు దగ్గరికి గానీ తీసుకుపోయి చూపించాలి. గొడ్డు వెంట ఉన్న మనిషిని కూడా రమ్మంటారు. మేజిస్ట్రేటు చెబితే దాన్ని వైద్యానికి పంపుతారు. పనికి తగినట్టు కోలుకుందని డాక్టరు కాగితం ఇచ్చాకే అక్కడినుంచి వదులుతారు.

ఖర్చు ఎవరిది? గొడ్డు గలవాళ్లదే. కానీ గొడ్డు గలవాళ్లు పేదవాళ్లయితే వైద్యం ఖర్చు వద్దని మేజిస్ట్రేటు ఆర్డరు ఇవ్వవచ్చు. ఈ సంగతి తెలియక చాలామంది అడగరు. అడగాలి.

బాగయ్యాక, చెప్పిన గడువులో తీసుకుపోవాలి. తీసుకుపోకపోతే అమ్మించవచ్చు. ఖర్చులు పోను డబ్బు మిగిలితే, అమ్మిన 2 నెలల లోపల అర్జీ పెట్టుకుని తీసుకోవాలి.

చూశారా! పట్టుకుపోయినంత మాత్రాన ఎద్దు పరాయిది కాదు. నేరం రుజువై, మళ్లీ హింస పెడతారని కోర్టు నమ్మితేనే ఎద్దు మీద హక్కు పోతుంది.

ఆ ఇల్లాలు ఇప్పుడు ఏం చెయ్యాలి? ముందు ఏడుపు ఆపాలి. "ఎక్కడికి తీసుకుపోతున్నారు? ఏ డాక్టరుకు చూపిస్తారు?" అని అడగాలి. కాగితం ఇస్తే ఒక్కొక్క మాటా కూడబలుక్కుని చదవాలి. అర్థం కాకపోతే చదివించుకుని వినాలి. చదవకుండా వేలిముద్ర వెయ్యకూడదు. చదువు నేర్చుకున్నది ఇలాంటి రోజు కోసమే కదా! కోర్టు దగ్గర న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. అక్కడ ఆడవాళ్లకు ప్లీడరు సాయం ఉచితం. ఆదాయం ఎంత అని చూడరు.

ఇంకో మాట. మగడు చెడ్డవాడు కాదు. తిండికి భయపడ్డాడు. కానీ ఏం మిగిలింది? పుండు మానేదాకా ఆగితే కొన్ని రోజుల కూలి పోయేది. ఆగనందుకు అంతకంటే ఎక్కువ రోజులు బండి ఆగింది. ఎద్దుకు బాధ, ఇంటికి అప్పు, కోర్టు చుట్టూ తిరుగుడు.

ఎద్దు తన నొప్పి నోటితో చెప్పలేదు. మెడ మీద పుండే దాని మాట. ఆ మాట ముందు వినేది ఇల్లాలే. రేపు పొద్దున కాడి ఎత్తేముందు ఎద్దు మెడ ఒకసారి తడిమి చూడండి. పుండు ఉంటే "ఈ రోజు బండి వద్దు" అని గట్టిగా చెప్పండి. పశువుల ఆసుపత్రికి తోలుకుపోండి.

మీ ఊళ్లో బరువు మోసే జీవాలు ఎన్ని ఉన్నాయి? వాటి మెడలు, వీపులు ఎట్లా ఉన్నాయి? అందరూ కలిసి మాట్లాడుకోండి.