కంపెనీ గేటు దాకా క్షేమంగా

(పట్టణ సమాఖ్య వార్షిక మహాసభలో, పారిశ్రామికవాడ దారి గురించి ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, అప్పుల వసూళ్ళు కోశాధికారిగారు ఇప్పటికే చదివి వినిపించారు. మాకు అప్పగించిన పని వేరు. మన పట్టణాన్ని ఆనుకుని ఉన్న పారిశ్రామికవాడలో నడిచేవాళ్ళకు, సైకిల్ తొక్కేవాళ్ళకు విడిగా ఒక దారి వేయాలనే ఆలోచన నడుస్తున్నది. ప్లాను ఇంకా ఖాయం కాలేదు, అభిప్రాయాలు అడుగుతున్నారు. సమాఖ్య తరఫున ఏం చెప్పాలన్నది ఈ సభలో తేలాలి. అందుకని మేం చూసింది, తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాం.

"దారి సంగతి ఇంజనీర్లు చూసుకుంటారు, సంఘాలకెందుకు?" అని కొందరు అడిగారు. అడగాల్సిన మాటే. మన సభ్యుల్లో చాలామంది తెల్లారితే వెళ్ళేది ఆ వాడలోకే. ప్యాకింగ్ సెక్షన్లో చేసేవాళ్ళున్నారు. ఊడ్చేవాళ్ళు, క్యాంటీన్లో వంట చేసేవాళ్ళు, గేటు బయట టిఫిన్ బండి పెట్టుకున్నవాళ్ళు ఉన్నారు. ఆ బండికి అప్పు ఇచ్చింది మనమే. ఆ కిస్తీ నెలనెలా తిరిగి రావాలంటే ఆమె క్షేమంగా గేటు దాకా పోవాలి, క్షేమంగా ఇంటికి రావాలి. అంటే ఆ దారి కూడా మన సమాఖ్య లెక్కల్లో ఉన్నదే.

ఇది మన ఒక్క ఊరి సంగతి కూడా కాదు. 2011 జనాభా లెక్కల్లో, పనికి ఎలా వెళ్తున్నారని అడిగారు. వ్యవసాయం, ఇంటిపట్టున చేసే కుటీర పరిశ్రమలు కాక వేరే పనులు చేసేవాళ్ళలో నూటికి సుమారు 23 మంది నడిచి పోతున్నారు, 13 మంది సైకిల్ మీద పోతున్నారు. పనికి పోయే దారిలో కాలినడక, సైకిల్ ఎంత పెద్ద సంగతో దీన్నిబట్టి తెలుస్తుంది. ఇంకో లెక్క కూడా వినండి. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్ళే. దాదాపు ఐదుగురిలో ఒకరన్నమాట.

ఇప్పుడు మన మీటింగుల్లో వేసుకునే తరహా లెక్క ఒకటి వేద్దాం. ఇంటికి, కంపెనీకి మధ్య 3 కిలోమీటర్లు అనుకోండి. నడిస్తే 40 నిమిషాలు, సైకిల్ మీద పావుగంట. షేర్ ఆటోకు పోను 20, రాను 20 అనుకుంటే నెలకు 26 పనిదినాలకు 1,040 రూపాయలు. నెలకు 100 రూపాయల పొదుపు కట్టించడానికి మనం ఎంత మాట్లాడతామో మీకు తెలుసు. ఆటోకు పోయేది దానికి పదింతలు. 6,000 పెట్టి సైకిల్ కొంటే ఆరు నెలల్లో ఆ డబ్బు ఇంట్లో పడ్డట్టే. మరి ఎందుకు కొనరు? అడిగితే సభ్యులు చెప్పిన జవాబు ఒకటే. "సైకిల్ కొనొచ్చు అక్కా, లారీల మధ్య ఆ రోడ్డు మీద తొక్కేదెట్లా?"

ఇక అసలు విషయం. దారి ఎటు నుంచి పోవాలన్నదాని మీద రెండు ఆలోచనలున్నాయి. ఒకటి, నాలా గట్టు వెంబడి, కంపెనీల వెనక గోడల పక్కనుంచి. రెండోది, గేట్లు ఉన్న మెయిన్ రోడ్డుకే ఒక పక్కన.

నాలా గట్టు కావాలనేవాళ్ళ మాటకు బలం ఉంది. స్థలం ఖాళీగా ఉంది. లారీలు రావు. ఎవరి పార్కింగూ పోదు. ఖర్చు తక్కువ, పని తొందరగా అయిపోతుంది. చెట్లు పెడితే చూడ్డానికి కూడా బాగుంటుంది. ఇవన్నీ నిజాలే.

అయితే మేం ఆ గట్టు మీద పగలు ఒకసారి, రెండో షిఫ్టు వదిలాక రాత్రి పదింటికి ఒకసారి గుంపుగా నడిచాం. ఒక పక్క నాలా, ఇంకో పక్క గోడ. లోపలికి వెళ్ళాక మళ్ళీ చివర దాకా బయటపడే సందు లేదు. దుకాణం లేదు, వాచ్‌మన్ గది లేదు. అరిస్తే వినేవాళ్ళు గోడ అవతల ఉన్నారు, వాళ్ళకు మిషన్ల చప్పుడులో వినపడదు. పైగా గేట్లన్నీ మెయిన్ రోడ్డు వైపే ఉన్నాయి. గట్టు మీదుగా పోయినామె మళ్ళీ చుట్టు తిరిగి గేటుకు రావాలి. వాన పడితే గట్టు బురద, నాలా పొంగితే అసలు దారే ఉండదు. పది మందిమి కలిసి నడిచినప్పుడే గుండె దడదడలాడింది. షిఫ్టు దిగి ఒంటరిగా వచ్చే ఆడపిల్లను ఆ దారిన రమ్మని చెప్పడానికి మాకు నోరు రాలేదు.

హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది, 2023 అక్టోబరులో మొదలైంది. పైన సోలార్ పలకల కప్పు, దాని మీద 16 మెగావాట్ల కరెంటు. నానక్‌రాంగూడ, నార్సింగి, కొల్లూరు వైపు ఉండేవాళ్ళు పొద్దున్నే వ్యాయామానికి అక్కడ తొక్కుతారు. మంచిదే. కానీ వ్యాయామానికి తొక్కేవాళ్ళు ట్రాక్ ఎక్కడుంటే అక్కడికి వెళ్తారు. పనికి పోయేవాళ్ళు అట్లా వెళ్ళలేరు, వాళ్ళ వేళ, వాళ్ళ గేటు ముందే ఖాయమై ఉంటాయి. కాబట్టి దారే వాళ్ళ దగ్గరికి రావాలి.

అందుకే మా ఉపసంఘం మాట ఇది. దారి మెయిన్ రోడ్డు వెంబడే ఉండాలి. నాలా గట్టు మీద చెట్లు పెట్టనివ్వండి, పార్కు చేయనివ్వండి. మొదటి డబ్బు మాత్రం గేట్ల వైపు దారికే పెట్టాలి.

దీనికి మనం కూడా కొంత వదులుకోవాల్సి ఉంటుంది, అది దాచిపెట్టి మాట్లాడం. ఇప్పుడు రోడ్డు అంచున లారీలు నిలబడుతున్నాయి. ఆ లారీలు, ట్రాలీ ఆటోలు నడిపేవాళ్ళలో మన సభ్యుల ఇంటివాళ్ళూ ఉన్నారు. డ్రైవరు సరదాకు అక్కడ ఆపడు. లోపలికి పిలుపు వచ్చే దాకా అతనికి వేరే చోటు లేదు. అతన్ని తరిమేసి వేసిన దారి నెల తిరక్కుండానే మళ్ళీ పార్కింగ్ అవుతుంది. కాబట్టి రెండు పనులు కలిపి అడగాలి. వరుసలో ఉన్న లారీలను కంపెనీలు తమ ఆవరణలోనే నిలుపుకోవాలి. మిగిలినవాటికి వాడలో ఒక ఖాళీ ప్లాటును పార్కింగ్‌కు ఇచ్చి, అక్కడ నీళ్ళు, మరుగుదొడ్డి పెట్టాలి.

దారి ఎట్లా ఉండాలన్నది కూడా చెప్పాలి. ఫుట్‌పాత్‌ల గురించి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పెట్టిన ప్రమాణాలున్నాయి. అడ్డం లేకుండా నడిచే వెడల్పు కనీసం 1.8 మీటర్లు, అంటే దగ్గర దగ్గర 6 అడుగులు ఉండాలి. ఎత్తు 150 మిల్లీమీటర్లు, అంటే 6 అంగుళాలు దాటకూడదు. ఎత్తు ఎక్కువైతే మోకాళ్ళ నొప్పులున్న పెద్దమ్మలు ఎక్కరు, రోడ్డు మీదే నడుస్తారు. ఆ 6 అడుగుల్లో కరెంటు స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్, బోర్డు ఏదీ రాకూడదు. సైకిళ్ళ వరుస దీనికి పక్కనే, విడిగా ఉండాలి. సైకిళ్ళకూ లారీలకూ మధ్య తెల్ల గీత ఒక్కటే గీస్తే చాలదు. చక్రం ఎక్కకుండా సిమెంటు గట్టు కావాలి.

అన్నిటికన్నా ప్రమాదం కంపెనీ గేటు దగ్గర. మన దేశంలో లారీ డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు. ఎడమ పక్క, బండికి ఆనుకుని వచ్చే సైకిల్ అతనికి సరిగా కనిపించదు. అతను ఎడమకు తిప్పి గేటులోకి పోయేటప్పుడే వెనక చక్రం కిందికి వచ్చేస్తారు. కాబట్టి గేటు దగ్గర మన దారిని కిందికి దించకుండా అదే ఎత్తులో సాగనివ్వాలి. లారీయే మెల్లగా దాని మీదికి ఎక్కి దిగి పోవాలి. మూలమలుపులు వెడల్పుగా కాకుండా ఇరుగ్గా ఉంటే బండి వేగం తనంతట తానే తగ్గుతుంది. షిఫ్టు మారే వేళల్లో గంట సేపు పెద్ద బండ్లను ఆపితే ఇంకా మంచిది. దీనికి పెద్ద ఖర్చు కూడా ఉండదు.

దీపాలు రోడ్డు మధ్య డివైడర్ మీద పెడితే వెలుగు లారీలకు పోతుంది, నడిచేవాళ్ళు చెట్ల నీడలో పడతారు. అందుకని దారి మీదికే వెలుగు పడేట్టు తక్కువ ఎత్తు దీపాలు అడగాలి. ఆడవాళ్ళకు మరుగుదొడ్డి, వాన పడితే నిలబడే చోటు, బస్టాపు ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి. మురుగు కాలువల మీద మూతలు గట్టిగా ఉండాలి.

టిఫిన్ బండ్ల సంగతి. "ఫుట్‌పాత్ వేస్తే ముందు మమ్మల్నే లేపుతారు" అని మన సభ్యులు భయపడుతున్నారు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. అందుకే ఈ మాట అందరూ గుర్తుపెట్టుకోండి. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. సర్వే పూర్తయి, సర్టిఫికెట్లు ఇచ్చే దాకా ఎవర్నీ ఖాళీ చేయించకూడదని అందులో ఉంది. వేరే చోటికి మార్చాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వీధి వ్యాపారులే ఎన్నికై ఉండాలి, వాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. ప్లానులో బండ్లకు చోటు మొదట్లోనే గీయించుకుందాం. నడిచే 6 అడుగులు వదిలి, దాని పక్కన బండి వరుస. బండ్లున్న చోట రాత్రి పది దాకా దీపం ఉంటుంది, మనిషి ఉంటుంది. షిఫ్టు దిగిన పిల్లకు అదే కాపలా.

ఇవన్నీ ఎవర్ని అడగాలి? పారిశ్రామికవాడల్లో పన్ను వసూలు, రోడ్లు, దీపాల వంటి పనులు చాలాచోట్ల మున్సిపాలిటీ చేతిలో ఉండవు. వాటికి ఐలా అని వేరే స్థానిక అధికార సంస్థ ఉంటుంది. మున్సిపాలిటీకి పోతే ఐలాకు పొమ్మంటారు, అక్కడికి పోతే ఇక్కడికి రమ్మంటారు. కాబట్టి ఒకే అర్జీ రెండు చోట్లా, ఒకే రోజు ఇవ్వాలి. కాపీ జిల్లా కలెక్టరు కార్యాలయానికీ ఇవ్వాలి. లాభాలు 5 కోట్లు దాటిన కంపెనీలు తమ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలని కంపెనీల చట్టం చెప్తున్నది. మరుగుదొడ్లకు, దీపాలకు ఆ డబ్బు అడగొచ్చు. నడిచేవాళ్ళకు సరైన ఫుట్‌పాత్ ఉండటం రాజ్యాంగం 21వ అధికరణం కింద హక్కేనని సుప్రీంకోర్టు 2025 మే నెలలో చెప్పింది. కాబట్టి అర్జీలో బతిమాలే మాటలు అక్కర్లేదు.

ఇంకొకటి, ఇది దారికి సంబంధించిందే. ఈఎస్ఐ ఉన్న కార్మికురాలికి ఇంటి నుంచి పనికి పోయే దారిలో, వచ్చే దారిలో ప్రమాదం జరిగితే, ఆ ప్రయాణం పని కోసమేనని తేలితే, దాన్ని పనిలో జరిగిన ప్రమాదంగానే చూడాలని 2010 సవరణలో చేర్చారు. కాబట్టి ఈఎస్ఐ కార్డు ఉందో లేదో ప్రతి సంఘంలో అడిగి రాసుకోండి. కాంట్రాక్టరు కింద పనిచేసే సభ్యులకు ఈ మాట తప్పకుండా చెప్పండి.

చివరగా, "దారి వేసినా మాకు సైకిల్ రాదు కదా" అన్న అక్కలకు ఒక మాట. తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లా ఉంది. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంతో పాటే ఆడవాళ్ళకు సైకిల్ నేర్పించారు. క్వారీల్లో రాళ్ళు కొట్టేవాళ్ళు, వ్యవసాయ కూలీలు, అంగన్‌వాడీ వర్కర్లు వేల మంది నేర్చుకున్నారు. నవ్వినవాళ్ళు నవ్వారు, నేర్చుకున్నవాళ్ళు నేర్చుకున్నారు. ఆ రోజుల్లోనే మన నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దిన ఆడవాళ్ళు సారా దుకాణాలు మూయించారు. చదువు నేర్చిన చేతులు సైకిల్ హ్యాండిల్ పట్టలేవా?

సభ ముందు పెడుతున్న తీర్మానాలు ఇవి.

1. నడక, సైకిల్ దారి గేట్లున్న మెయిన్ రోడ్డు వెంబడే వేయాలని, నాలా గట్టు మీద వేసేది దానికి బదులు కాకూడదని సమాఖ్య కోరాలి.

2. లారీల పార్కింగ్‌కు వేరే చోటు చూపించి, ఆ తర్వాతే పని మొదలుపెట్టాలని కోరాలి.

3. టిఫిన్ బండ్లకు ప్లానులోనే చోటు గుర్తించాలి. బండి ఉన్న సభ్యుల పేర్లు ఆర్పీలు రాసివ్వాలి.

4. ప్లాను ఖాయం చేసే ముందు ఇంజనీర్లు మన సభ్యులతో కలిసి పొద్దున ఒకసారి, రాత్రి పదింటికి ఒకసారి ఆ రోడ్డు మీద నడవాలి.

5. ప్రతి సంఘం ఒక వారం పాటు తమ సభ్యులు ఏ గేటుకు, ఏ వేళకు, ఎలా వెళ్తున్నారో రాసి సమాఖ్యకు ఇవ్వాలి. మన దగ్గర లెక్క ఉంటేనే మన మాట నిలబడుతుంది.

6. సైకిల్ కొనుక్కునే సభ్యులకు అంతర్గత అప్పు ఇవ్వాలి. నేర్చుకోవాలనేవాళ్ళకు ఆదివారం పూట పాఠశాల మైదానంలో నేర్పించాలి.

వీటి మీద మీ మాట చెప్పండి. ఒప్పుకోనివాళ్ళు కూడా లేచి చెప్పండి, ముఖ్యంగా లారీలు, ఆటోలు ఉన్న ఇళ్ళవాళ్ళు. అందరికీ సమ్మతమైతే ఇప్పుడే తీర్మానాల పుస్తకంలో రాసి సంతకాలు పెడదాం. సోమవారం అర్జీ తీసుకుని వార్డుకు ఇద్దరు చొప్పున వెళ్దాం. ఇచ్చిన ప్రతి చోటా మన కాపీ మీద తేదీ వేయించి, ముద్ర కొట్టించుకునే తిరిగొద్దాం.