స్టీరింగ్ ముందు ఒక్కసారైనా
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోన్ చేసి, "నువ్వు రోడ్లు వేసే ఇంజనీరువి కదా, రోడ్డు భద్రత మీద ఓ పదిహేను నిమిషాలు మాట్లాడు" అన్నారు. రోడ్డు భద్రత అనగానే సగం సభ టీ కోసం బయటికి వెళ్లిపోతుందని నాకు ముప్ఫై ఏళ్ల అనుభవం. అందుకని అంశం కొంచెం మార్చుకున్నాను. పద్దెనిమిదేళ్లు దాటిన ప్రతి మనిషీ, ఆడైనా మగైనా, ఇంట్లో కారున్నా లేకున్నా, కారు నడపడం నేర్చుకోవాలా? నేర్చుకోవాలనే నేనంటాను. ఒప్పుకోనివాళ్లు భోజనాల దగ్గర నన్ను పట్టుకోవచ్చు.

మేం 1985లో పదో తరగతి రాసేనాటికి మన ఊళ్లో కార్లు చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. డాక్టరుగారి అంబాసిడర్, రైసు మిల్లు వాళ్ల ఫియట్, ఇంకో రెండు. అంబాసిడర్‌కి గేరు స్టీరింగ్ కిందే ఉండేది. దాన్ని వెయ్యడం ఒక విద్య, తియ్యడం ఇంకో విద్య. మారుతి 800 అప్పటికే మార్కెట్లోకి వచ్చింది గానీ మనకి పేపర్లో బొమ్మగానే తెలుసు. కారు నడపడం అంటే డ్రైవరు ఉద్యోగం. చదువుకునేవాళ్లకి దానితో పనేముంది? సెలవులొస్తే మమ్మల్ని టైపు నేర్చుకోమనేవాళ్లు. లోయరు పాసయ్యావా, హయ్యరు కట్టావా అని అడిగేవాళ్లు. ఆ టైపు ఇన్‌స్టిట్యూట్లన్నీ పోయాయి. మా వేళ్లకి మాత్రం ఆ విద్య మిగిలిపోయింది, కంప్యూటర్లు వచ్చాక అక్కరకొచ్చింది. ఏ విద్య ఎప్పుడు అవసరపడుతుందో ముందే తెలియదు.

ఇప్పుడు ఒక సంగతి చెబుతాను. మా చెల్లెలు కూడా ఈ బడి విద్యార్థినే, 1988 బ్యాచి. ఆమె చెప్పమంటేనే చెబుతున్నాను.

ఆరేళ్ల కిందట గుంటూరులో పెళ్లి చూసుకుని రాత్రిపూట కారులో ఒంగోలు వస్తున్నారు. నడుపుతున్నది మా బావగారు. పక్కన మా చెల్లెలు. వెనక వాళ్ల అత్తగారు, ఆడపడుచు, ఆవిడ కొడుకు. ఆ అబ్బాయి బీటెక్ చివరి సంవత్సరం. చిలకలూరిపేట దాటి మార్టూరు రాకముందు బావగారికి ఒళ్లంతా చెమటలు పట్టాయి, ఎడమ చెయ్యి లాగడం మొదలైంది. ఎలాగో బ్రేకు వేసి బండి ఆపారు. ఎక్కడ ఆగిందీ అంటే, సగం బండి రోడ్డు మీద, సగం పక్కన.

కారులో ఇంకా నలుగురు పెద్దవాళ్లున్నారు. అందులో ఇద్దరు డిగ్రీలు చేసినవాళ్లు. ఆ అబ్బాయికి బైకు అంటే ప్రాణం, కారు ముట్టుకోలేదు. 108కి ఫోన్ చేశారు. అంబులెన్సు వచ్చేదాకా లారీలు హారన్ కొట్టుకుంటూ పక్కనుంచి పోతున్నాయి. అబ్బాయి సెల్‌ఫోన్ లైటు వేసుకుని బండి వెనకాల నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. నా వృత్తిలో ఉన్నవాడికి ఆ దృశ్యం తల్చుకుంటే గుండె జారుతుంది. వెనక నుంచి వచ్చేవాడికి ముందు కనిపించేది ఆ పిల్లవాడు, తర్వాతే బండి.

కూరగాయల వ్యాను నడిపే అతనొకడు ఆగాడు. చూసి, "ఎవరికీ రాదా అమ్మా?" అన్నాడు. బావగారిని పక్క సీట్లోకి జరిపి, బండిని ముప్ఫై గజాలు ముందుకి తీసుకెళ్లి పెట్రోలు బంకులో పెట్టాడు. తర్వాత అంబులెన్సు వచ్చింది. స్టెంటు వేశారు. బావగారు ఇప్పుడు బాగున్నారు, ఇదిగో ఈ సభలోనే ఉన్నారు.

కొందరు నాతో వాదించారు. గుండెనొప్పి వచ్చినవాణ్ణి సొంత కారులో ఊరంతా తిప్పడం కంటే అంబులెన్సే మేలు కదా, అందులో ఆక్సిజన్ ఉంటుంది, చూసే మనిషి ఉంటాడు కదా అని. నిజమే, ఒప్పుకుంటాను. నేను అడుగుతున్నది ఆసుపత్రి దాకా కాదు. ఆ ముప్ఫై గజాలు.

మా చెల్లెలికి ఆ రాత్రి సంగతుల్లో మిగతావన్నీ పాతబడ్డాయి గానీ ఆ వ్యాను అతను అడిగిన ప్రశ్న మాత్రం పోలేదు. నలభై ఆరో ఏట డ్రైవింగ్ స్కూల్లో చేరింది. నలభై దాటితే డాక్టరు సర్టిఫికెట్ కావాలి, ఫారం 1ఎ అంటారు. అదీ తెచ్చుకుంది. "ఇప్పుడెందుకమ్మా నీకు" అన్నవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువట.

ఇది ఆపద సమయంలో అక్కరకొచ్చే మాట. నాకు ఇంతకంటే పెద్ద కారణం ఇంకొకటుంది. అది మామూలు రోజులది.

రోడ్డు డిజైన్ చేసేటప్పుడు మేం ఒక అంకె వాడతాం: రెండున్నర సెకన్లు. డ్రైవరు ఎదురుగా ఏదో చూసి, అదేమిటో గ్రహించి, ఆపాలని నిర్ణయించుకుని, కాలు బ్రేకు మీదికి తెచ్చేదాకా పట్టే సమయం అంత అని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో ఆ రెండున్నర సెకన్లలో బండి దాదాపు 42 మీటర్లు పోతుంది. మన గ్రౌండులో కబడ్డీ కోర్టు పొడవు 13 మీటర్లు. మూడు కోర్టులు దాటిపోయాక గానీ బ్రేకు పని మొదలుకాదు. అందుకే 60 వేగానికి ఎదురుగా 80 మీటర్లు కనపడాలని, 80కి 120, 100కి 180 ఉండాలని రోడ్డు వేస్తాం. డిప్ చేసిన లైట్ల వెలుగులో అంత దూరం కనపడదు. అంటే రాత్రిపూట హైవే మీద వేగంగా పోయేవాడు తనకి కనిపించని చోటుని నమ్ముకుని పోతున్నాడన్నమాట.

మన ఫిజిక్స్ మాస్టారు తొమ్మిదో తరగతిలో అడిగేవారు, "బస్సు ఠక్కున ఆగితే మీరెందుకు ముందుకి తూలతార్రా?" అని. మా వెనక బెంచీవాడు లేచి "కండక్టరు తోస్తాడు సార్" అన్నాడు. వాడికి పడిన దెబ్బ పక్కనున్న నాకూ తగిలింది. వేగం రెట్టింపయితే గతిజశక్తి నాలుగు రెట్లవుతుందని ఆయన బోర్డు మీద రాసినప్పుడు మేం దాన్ని మార్కుల కోసం బట్టీ పట్టాం. అది ఒంటికి తెలిసేది ఎప్పుడంటే, బ్రేకు మన కాలి కింద ఉన్నప్పుడు. తడి రోడ్డు మీద కారు మనం అనుకున్న చోట కాకుండా ఇంకా ముందుకి జారినప్పుడు.

మనందరం రోడ్డు దాటేవాళ్లమే. చీకట్లో ముదురు రంగు బట్టలేసుకుని రోడ్డు పక్కన నడిచేవాళ్లకి కారు లైట్లు బాగా కనిపిస్తాయి. కాబట్టి కారువాడికి తామూ కనిపిస్తున్నామనే అనుకుంటారు. కనిపించరు. ఎదురుగా ఇంకో బండి హైబీమ్ కొడుతుంటే అసలే కనిపించరు. లారీకి ఎడమ పక్కన ముందు చక్రం దగ్గర బైకు పెట్టుకుని సిగ్నల్ దగ్గర నిలబడేవాళ్లని రోజూ చూస్తాను. ఆ డ్రైవరు సీట్లో ఒక్కసారి కూర్చుంటే మళ్లీ జన్మలో అక్కడ ఆగరు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది. రోజుకి 460 మంది పైనే. అందులో దాదాపు 44 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లు, 19 శాతానికి పైగా నడిచిపోతున్నవాళ్లు. కారు నడపడం రాకపోయినా కారు దెబ్బ తగిలేది ఎక్కువగా వీళ్లకే. అందుకే కారు కొననివాళ్లు కూడా నేర్చుకోవాలంటున్నాను. డ్రైవరుకి ఏది కనపడదో తెలుసుకోవడానికి అంతకంటే మంచి బడి లేదు.

నేర్చుకోవడం అన్నాను గానీ, లైసెన్సు తెచ్చుకోవడం అనలేదు. రెండూ ఒకటి కావు. మన దగ్గర జరిగేదేమిటి? పొద్దున్నే అరగంట చొప్పున కొన్నాళ్లు క్లాసులు. పక్కన మాస్టారి కాళ్ల కింద ఇంకో జత క్లచ్, బ్రేకు. బండి ఆగిందంటే ఆపింది ఆయన. మనం చేసింది స్టీరింగ్ పట్టుకోవడం. తర్వాత హెచ్ ట్రాక్‌లో వెనక్కి తీసి చూపించడం, కార్డు పోస్టులో రావడం. ఆ కార్డు పర్సులో, కారు షెడ్డులో. రెండేళ్లు గడిచేసరికి క్లచ్ ఏ కాలికిందో కూడా అనుమానం. ఇది ఆడవాళ్ల విషయంలో మరీ ఎక్కువ. నేర్చుకున్నాక ఇంట్లో మగవాళ్లు తాళాలివ్వరు. ఇచ్చినా పక్కన కూర్చుని "అయ్యో, అయ్యో" అంటుంటారు. నేర్చుకునేవాళ్లకి పక్కన భర్త కంటే అపరిచితుడు మేలని నా గట్టి నమ్మకం. (మా ఆవిడ ఇక్కడ తల ఊపుతోంది.)

ఆటోమేటిక్ బండ్లు వచ్చాక క్లచ్ భయం పోయింది. అయినా మొదట గేర్ల బండి మీదే నేర్చుకోమంటాను. ఆపదలో ఎవరి బండి చేతికొస్తుందో తెలియదు కదా. ఎత్తు మీద ఆగిన బండిని వెనక్కి జారకుండా ముందుకి తియ్యడం, అద్దాలు చూసి రివర్సు చెయ్యడం, రాత్రిపూట ఒక గంట, వానలో ఒక గంట, స్టెపినీ మార్చడం. ఇవి వస్తే వచ్చినట్టే.

"అందరూ నేర్చుకుంటే అందరూ కొంటారు, రోడ్లేం కావాలి?" అని మా ఆఫీసులోనే ఒక కుర్ర ఇంజనీరు అడిగాడు. మంచి ప్రశ్న. ఈత నేర్చుకున్న ప్రతివాడూ పడవ కొనడు. నేను హైదరాబాదులో ఆఫీసుకి మెట్రోలోనే వెళతాను. యాభై మంది ఎక్కిన ఆర్టీసీ బస్సు ఎన్ని కార్ల చోటు మిగులుస్తుందో రోడ్లు వేసేవాణ్ణి నాకు తెలియదా? తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో, షీలారాణి చుంకత్ కలెక్టరుగా ఉన్నప్పుడు, అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా ఊరూరా ఆడవాళ్లకి సైకిల్ నేర్పారు. అక్షరాలతో పాటు సైకిల్ ఎందుకని అప్పుడూ అడిగే ఉంటారు. ఎక్కడికైనా వెళ్లాలంటే ఇంకొకరి తీరిక కోసం కూర్చోనక్కర్లేదు, అందుకని. కారుకీ ఆ మాటే వర్తిస్తుంది. అమెరికాలో ఉన్న మన పిల్లల దగ్గరికి వెళ్లి ఆర్నెల్లు ఉండొచ్చిన అమ్మలని అడగండి, కారు నడపడం రాకపోతే అక్కడ ఇల్లు ఎలా ఉంటుందో.

"ప్రతి ఒక్కరూ" అన్నదాంట్లో నాకు మినహాయింపులున్నాయి. చూపు సరిపోనివాళ్లు, మూర్ఛలొచ్చేవాళ్లు, నిద్రమత్తు మందులు వాడేవాళ్లు నడపకూడదు. నడపడం ఎప్పుడు మానాలో కూడా తెలియాలి. 55 దాటాక లైసెన్సు అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలని 2019 సవరణ చెబుతోంది. నేనూ ఆ వరసలోకి వచ్చేశాను. మా నాన్నగారు డెబ్బై ఒకటో ఏట ఒక సాయంత్రం తాళాలు టేబుల్ మీద పెట్టి, "ఎదురు లైట్లు కళ్లలో పడుతున్నాయిరా, ఇక నువ్వే చూసుకో" అన్నారు. ఎవరూ చెప్పకుండా అన్నారు. ఆయన నడిపిన ముప్ఫై ఏళ్లకంటే ఆ సాయంత్రమే నాకు ఎక్కువ గౌరవం.

ఇటు పక్క సంగతి గురువులకి చెప్పాలి. బడి గేటు బయట పొద్దున చూశాను, తొమ్మిదీ పదీ చదివే పిల్లలు ముగ్గురేసి బైకుల మీద వస్తున్నారు. మైనరుకి బండి ఇస్తే ఆ తల్లిదండ్రులకో బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, పాతిక వేల జరిమానా చట్టంలో ఉన్నాయి. ఆ పిల్లవాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. అసెంబ్లీలో ఒక్కసారి చదివి వినిపించండి సార్. పద్దెనిమిది దాటిన మనం నేర్చుకోం, దాటనివాళ్ల చేతికి తాళాలిస్తాం. ఇదేం లెక్కో ఏ ఇంజనీరుకీ అంతుపట్టదు.

సరే, భోజనాలకి పిలుస్తున్నారు. రేపు ఆదివారం ఉదయం ఆరున్నరకి మన గ్రౌండులో నేనూ, మా బ్యాచి వాళ్లు ఇద్దరూ రెండు కార్లతో ఉంటాం. హెడ్‌మాస్టరుగారు అనుమతిచ్చారు. ఎల్ఎల్ఆర్ ఉన్నవాళ్లు ఇటుకల మధ్య రివర్సు తియ్యొచ్చు. లేనివాళ్లు ఆగి ఉన్న బండిలో డ్రైవరు సీట్లో కూర్చోవచ్చు. ఇంజను వెయ్యం. పదిమంది పిల్లల్ని కారు చుట్టూ నిలబెడతాను, అద్దాల్లో ఎంతమంది కనిపించారో లెక్కపెట్టి చెప్పండి. కాగితం కార్యదర్శిగారి దగ్గరుంది. ఇప్పటికి ఏడు పేర్లు వచ్చాయి, మొదటిది మన తెలుగు టీచరమ్మగారిది.