జలాశయాల మీద విహారం, గాలం పోటీలు – మనం ఆలోచించవలసిన విషయాలు

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పెన్షన్ ఎవరో దయతలచి ఇచ్చేది కాదని, అది మన హక్కని ఆ తీర్పు తేల్చింది. అందుకే ఏటా ఈ రోజున మనం కలుసుకుంటున్నాం. డి.ఏ. బకాయిలు, మెడికల్ రీయింబర్స్‌మెంటు గురించి పెద్దలు ఇప్పటికే మాట్లాడారు. నాకు అప్పగించిన విషయం వేరు. ఈ ఏడాది విహారయాత్ర నాగార్జునసాగర్‌లో లాంచీ మీద చేద్దామని ఒక ప్రతిపాదన వచ్చింది. అమెరికాలో ఉన్న మన పిల్లలు కొందరు, అక్కడి లాగా జలాశయంలో చేపల గాలం పోటీ కూడా పెట్టండి, బహుమతులు మేమిస్తాం అన్నారట. ఈ రెండింటి మంచి చెడ్డలు చెప్పమని కార్యదర్శి గారు కోరారు. ఉద్యోగరీత్యా జలాశయాల గట్ల మీద తిరిగినవాణ్ణి కాబట్టి నాకు తెలిసినంత మనవి చేస్తాను.

ముందుగా ఆ పోటీల సంగతి. అమెరికాలో బాస్ అనే చేప ఉంది. బాస్ అంటే మన ఆఫీసులో పైఅధికారి కాదు, ఇది గాలానికి పడే బాస్! 1967లో అలబామా రాష్ట్రానికి చెందిన రే స్కాట్ అనే ఇన్సూరెన్స్ ఏజెంటు, ఆర్కన్సాలోని బీవర్ లేక్ అనే జలాశయంలో ఒక పోటీ పెట్టాడు. 106 మంది పాల్గొన్నారు. మరుసటి ఏడాదే బాస్ చేపల వేటగాళ్ల సంఘం పుట్టింది. 1971లో లేక్ మీడ్ జలాశయంలో పెట్టిన పెద్ద పోటీకి బహుమతి పదివేల డాలర్లు. పోటీ ఏ నీటిలో జరుగుతుందో పోటీదారులకు విమానం ఎక్కాక గానీ చెప్పలేదు. ముందుగా తెలిస్తే వెళ్లి చేపల జాడ చూసి వస్తారని ఆ జాగ్రత్త.

ఆ పోటీల్లో నాకు నచ్చిన విషయం బహుమతి సొమ్ము కాదు. 1972 నుంచి వాళ్లు పట్టిన చేపను చంపకుండా తిరిగి నీళ్లలో వదిలే పద్ధతి మొదలుపెట్టారు. పడవలోనే నీటితొట్టి ఉంటుంది, దానిలో గాలి ఆడుతూ ఉంటుంది. సాయంత్రం తూకం వేసి, చేపను మళ్లీ జలాశయంలో వదులుతారు. చచ్చిన చేపను తెస్తే మార్కులు కోస్తారు. వేలమంది గాలాలు వేస్తే చెరువు ఖాళీ అవుతుందని, చెరువు ఖాళీ అయితే ఆటే ఉండదని వాళ్లకు త్వరగానే అర్థమైంది.

డబ్బు చేరిన చోట దొంగలెక్కలూ చేరతాయి. 2022 సెప్టెంబరులో ఈరీ సరస్సు మీద జరిగిన ఒక పోటీలో ఇద్దరు తెచ్చిన చేపలు చూడటానికి చిన్నవి, తూకానికి మాత్రం బరువు. నిర్వాహకుడికి అనుమానం వచ్చి అందరి ఎదుటా పొట్ట కోసి చూస్తే లోపల సీసపు గుండ్లున్నాయి! మొదటి బహుమతి దాదాపు 28 వేల డాలర్లు. ఆ ఇద్దరూ 2023లో నేరం ఒప్పుకున్నారు. పది రోజుల జైలు, పడవ జప్తు. మన సంతలో తక్కెడ కింద చింతపండు అంటించే విద్య అక్కడా ఉందన్నమాట.

ఇక అద్దె పడవల సంగతి. అమెరికాలోని మిషిగన్ సరస్సు మన సాగర్ కంటే ఎన్నో రెట్లు పెద్దది, సముద్రంలా అలలు లేస్తాయి. అందులో ఆల్‌వైఫ్ అనే చిన్న చేప విపరీతంగా పెరిగి, గుట్టలుగా చచ్చి ఒడ్డుకు కొట్టుకొస్తుంటే, దాన్ని తినే చేపగా 1966లో పసిఫిక్ తీరపు సాల్మన్ పిల్లలను తెచ్చి వదిలారు. మరుసటి ఏడాదికే అవి ఏపుగా పెరిగాయి. జనం పిచ్చిగా ఎగబడ్డారు. ఇంట్లో ఉన్న చిన్న చిన్న పడవలన్నీ సరస్సులోకి దిగాయి. 1967 సెప్టెంబరు 23న తుఫాను గాలి లేచి ఏడుగురు మునిగి చనిపోయారు. ఆ సరస్సుల మీద చేపల వేటకు పడవలు అద్దెకు నడపడం తరువాత పెద్ద జీవనోపాధి అయింది. డబ్బు తీసుకుని మనుషులను ఎక్కించుకునే పడవ నాయకుడికి అక్కడి కోస్ట్‌గార్డు లైసెన్సు ఉండాలి. చిన్న లైసెన్సుకు ఆరుగురికి మించి ఎక్కించడానికి వీల్లేదు. ఏడో మనిషి ఎంత దగ్గరి చుట్టమైనా సరే, టికెట్టు కొన్నవాడైతే ఒడ్డునే ఉండిపోవాలి.

మన దక్షిణాదిలోనూ ఈ సరదా కొత్తది కాదు. 1946లో మైసూరుకు చెందిన వాన్ ఇంగెన్ అనే వేటగాడు కబిని నదిలో 120 పౌండ్ల మహసీర్ చేపను గాలంతో పట్టాడు. అంటే 54 కిలోలు, ఒక మనిషంత బరువు. తరువాతి కాలంలో బెంగళూరులోని దక్షిణ భారత వన్యప్రాణి సంఘం కావేరిలో కొంత భాగాన్ని లీజుకు తీసుకుని, వేటగాళ్లను కాపలాదారులుగా పెట్టి ఆ చేపను కాపాడింది. ఆ నదీతీరం అభయారణ్యం కావడంతో తరువాత అక్కడ గాలం వేటను ఆపేశారు. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, మన సాగర్, శ్రీశైలం నీళ్లకు కూడా ఒకవైపు అమ్రాబాద్ పులుల అభయారణ్యం, మరోవైపు నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం ఉన్నాయి. అక్కడ మన ఇష్టం వచ్చినట్టు పడవ నిలిపి గాలం వేయడం కుదరదు.

ఇప్పుడు మన జలాశయాల దగ్గరికి వద్దాం. సాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. పూర్తి నీటిమట్టం 590 అడుగులు, గేట్లు 26. మొదట లెక్కగట్టిన నిల్వ 408 టి.ఎం.సి.లు. పూడిక వల్ల ఇప్పుడు 312 టి.ఎం.సి.లకు తగ్గింది. శ్రీశైలంలో 308 ఉన్నది 215కు వచ్చింది. మనం లాంచీ మీద వెళ్లే నీళ్ల అడుగున ఒకప్పుడు పొలాలు, ఊళ్లు, గుళ్లు ఉండేవి. నల్లగొండ జిల్లా ఏలేశ్వరం సాగర్‌లో మునిగింది. నాగార్జునకొండ లోయలో 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిపి, దొరికినవాటిని కొండ మీదికి చేర్చి మ్యూజియం పెట్టారు. శ్రీశైలం ముంపులో ఉమ్మడి మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల ఊళ్లు 1981లో ఖాళీ అయ్యాయి. కొల్లాపూర్ దగ్గరి సోమశిల గుళ్లను పైకి తరలించారు. ఇది నెల్లూరు సోమశిల కాదు, మన సోమశిల.

భూమి పోగొట్టుకున్నవారిలో కొందరు, కోస్తా నుంచి వలస వచ్చిన గంగపుత్రులు మరికొందరు, ఆ నీళ్ల మీదే బతుకు వెతుక్కున్నారు. వెదురు పుట్టి వేసుకుని, భార్య తెడ్డు వేస్తుంటే భర్త వల విసిరే దృశ్యం మీలో చాలామంది చూసే ఉంటారు. బొచ్చె, రవ్వ, వాలుగ, జెల్ల, జిలేబి చేప, ఇవే వాళ్ల జీతం, వాళ్ల పెన్షన్. పెద్ద జలాశయంలో పట్టాలంటే మత్స్యశాఖ లైసెన్సు ఉండాలి. ఊరి చెరువులో అయితే హక్కు మత్స్య సహకార సంఘానిది. గుడ్లు పెట్టే వానాకాలంలో, జూలై ఆగస్టు నెలల్లో, వేట నిషేధం. ఆ రెండు నెలలూ వాళ్లు పస్తులుండైనా ఆగితేనే పిల్ల చేప పెద్దదవుతుంది. కొల్లాపూర్ వైపు కొందరు అలవి వలలు దింపి, వేలెడంత పిల్లలను కూడా ఊడ్చుకుపోతున్నారని స్థానిక మత్స్యకారులు ఏళ్ల తరబడి మొరపెట్టుకుంటున్నారు. అలాంటి నీళ్ల మీదికి మనం సెలవు రోజున వెళ్లి, మా పోటీ ఉంది, మీ వలలు తీయండి అంటే ఎలా ఉంటుంది? మన పెన్షన్ హక్కని సభ పెట్టుకున్న రోజునే ఇంకొకరి హక్కు మీద గాలం వేసినట్టుంటుంది.

మరో ముఖ్య విషయం ప్రాణాలకు సంబంధించింది. ఎవరినీ భయపెట్టడానికి కాదు గానీ, జరిగినవి చెప్పక తప్పదు. 2007 జనవరి 18న కొల్లాపూర్ మండలం మంచాలకట్ట దగ్గర కృష్ణలో కిక్కిరిసిన పడవ మునిగి దాదాపు 60 మంది చనిపోయారు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు బయల్దేరిన పర్యాటక పడవ గోదావరి వరదలో కచ్చులూరు దగ్గర మునిగింది. అందులో ఉన్న 77 మందిలో 26 మందే బయటపడ్డారు. మన వరంగల్, హైదరాబాద్ వాళ్లు అందులో ఎందరో. ఈ రెండింటికీ మధ్య, 2017 నవంబరు 12న జరిగినది మనం ప్రత్యేకంగా తలచుకోవాలి. ఒంగోలు వాకర్స్ క్లబ్బు సభ్యులు కుటుంబాలతో కార్తీక మాసపు యాత్రకు విజయవాడ వచ్చారు. ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర అనుమతి లేని ప్రైవేటు పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా మరణించారు. వాళ్లూ మనలాంటివాళ్లే. పొద్దున్నే నడకకు కలుసుకునేవాళ్లు, చందాలు వేసుకుని బస్సు మాట్లాడుకుని బయల్దేరినవాళ్లు. ఒడ్డున నిలబడి, ఈ పడవకు అనుమతి ఉందా అని అడిగే పని ఎవరికీ ప్రత్యేకంగా అప్పగించకపోతే, అందరూ ఇంకెవరో అడిగే ఉంటారనుకుంటారు.

పడవ ఎలా బోల్తా పడుతుందో పిల్లలకు కూడా తెలియాలి. బరువు కింద ఉన్నంతసేపూ పడవ ఒరిగినా తిరిగి లేస్తుంది. పరిమితికి మించి మనుషులెక్కితే అంచు నీటికి దగ్గరవుతుంది. జనం పైడెక్కు మీద నిలబడితే బరువు పైకి చేరుతుంది. అప్పుడు అదిగో మొసలి అని ఎవరో అనగానే ఫోటో కోసం అందరూ ఒకే పక్కకు వెళితే, ఒరిగిన పడవ మళ్లీ లేవదు. ఈత వచ్చినవాడైనా పడవ కింద చిక్కుకుంటే చేయగలిగింది తక్కువ.

కాబట్టి కార్యవర్గానికి నా సూచనలు ఇవి.

లాంచీ యాత్ర తప్పకుండా చేద్దాం. అయితే పర్యాటక శాఖ సంస్థ నడిపే లాంచీలోనే చేద్దాం. రేటు తక్కువని ప్రైవేటు పడవ మాట్లాడవద్దు. 2021లో వచ్చిన అంతర్గత జలయానాల చట్టం ప్రకారం పడవకు రిజిస్ట్రేషన్, తనిఖీ పత్రం ఉండాలి. ఆ పత్రం చూసే బాధ్యత, ఎక్కినవారి పేర్లు రాసే బాధ్యత ఇద్దరు సభ్యులకు పేరుపెట్టి అప్పగిద్దాం. ముప్పై ఏళ్లు హాజరు పట్టీలు రాసినవాళ్లం, ఒక్క రోజు రాయలేమా? ఎక్కేటప్పుడు ఎంతమంది, దిగేటప్పుడు ఎంతమంది అన్నది సరిపోవాలి.

లైఫ్ జాకెట్ ఒళ్లో పెట్టుకునేది కాదు, బకిల్ పెట్టి తొడుక్కునేది. ఉక్కపోతగా ఉందని విప్పవద్దు. మనవలకు పెద్దవాళ్ల జాకెట్ తొడిగితే నీళ్లలో అది పైకి జారిపోతుంది, పిల్లల సైజు అడగాలి. బి.పి., షుగరు మందులు సంచిలో కాదు, జేబులో ఉండాలి. గాలి లేస్తే, మబ్బు పడితే యాత్ర మానుకుందాం. కట్టిన డబ్బు పోయినా ఫరవాలేదు. సాగర్ నుంచి శ్రీశైలం దాకా లాంచీ నీటిమట్టం తగినంత ఉన్నప్పుడే నడుస్తుంది. నాగార్జునకొండ మ్యూజియంకు శుక్రవారం సెలవు. ఈ రెండూ ముందుగా విచారించుకుని తేదీ పెట్టండి.

గాలం పోటీ మాత్రం సాగర్‌లో వద్దని నా అభిప్రాయం. అంతగా ముచ్చట ఉంటే, ఏదైనా ఊరి చెరువు మత్స్య సహకార సంఘాన్ని అడుగుదాం. వాళ్లు ఒప్పుకుంటే, చలికాలంలో, ఒక్క పూట, గట్టు మీద కూర్చునే పెట్టుకుందాం. పిల్లలు పంపే బహుమతి సొమ్ములో సగం ఆ సంఘానికి రుసుముగా ముందే చెల్లిద్దాం. గాలానికి వెనక ముల్లు లేకుండా చూద్దాం, తడిచేత్తో చేపను పట్టి, పొడవు కొలిచి, వెంటనే వదిలేద్దాం. వేసవిలో వేడికి నీళ్లలో ప్రాణవాయువు తగ్గుతుంది, వదిలిన చేప కూడా బతకదు, అందుకే చలికాలం అన్నాను. మధ్యాహ్న భోజనానికి చేపలు ఆ సంఘం దగ్గరే తూకం వేయించి కొందాం. పట్టిన చేప వాళ్లది, వండిన పులుసు మనది!

న్యాయనిర్ణేతగా ఆ ఊరి మత్స్యకారుల్లో పెద్దాయనను కూర్చోబెడితే బాగుంటుంది. నీటి రంగు చూసి చేప జాడ చెప్పగల విద్య ఆయనది. మన మనవలు ఆయన పక్కన ఒక పూట కూర్చుని బెండు ఎలా కట్టాలో, ఎర్రను గాలానికి ఎలా గుచ్చాలో, బెండు మునిగినప్పుడు ఎంతసేపు ఆగాలో నేర్చుకుంటే, అది అమెరికా బహుమతి కంటే ఎక్కువే.

ఈ సూచనలను సభ చర్చించి, తీర్మానం చేయవలసిందిగా కోరుతున్నాను.