రోమకుల పూరియిల్లు, ఆంధ్రుల రాతిపలక



రోము అనగానే పాలరాతి సౌధములు, సేనావాహినులు, చక్రవర్తులు తలపునకు వచ్చును. కాని ఆ మహానగరము పుట్టినది పాలరాతితో కాదు. గుంజలతో, తడికెలతో, గడ్డికప్పుతో. టైబరు నదీతీరమున పాలటైను అను కొండ కలదు. అచ్చట 1948లో జరిగిన త్రవ్వకములలో క్రీ.పూ. 8వ శతాబ్ది నాటి గుడిసెల యానవాళ్లు బయల్పడినవి. రాతినేలను తొలిచి గుంజలు పాతిన గుంటలు, వాననీరు పోవుటకు తీసిన కాలువలు నేటికిని కనిపించును. రోమకులు ఈ పూరియింటి పుట్టుకకు సిగ్గుపడలేదు. భూమండలమున సగము తమ యేలుబడిలోనికి వచ్చినట్లు తలచిన దినములలోను, తమ మూలపురుషుడైన రోములసు గుడిసె యని యొకదానిని ఆ కొండపై నిలుపుకొనిరి. అది గాలికో నిప్పునకో చెడినపుడెల్ల మరల ఆ గడ్డితోనే, ఆ కఱ్ఱలతోనే బాగుచేసిరి.

రోములసు, రీమసు అను కవలలను నదిలో విడువగా ఒక ఆడుతోడేలు పాలిచ్చి బ్రతికించెననియు, పెద్దవారై క్రీ.పూ. 753లో నగరమును కట్టిరనియు వారి పురాణకథ. చరిత్రకారుడు లివీ ఈ కథను వ్రాసినది ఏడువందల యేండ్లకు పైగా గడచిన పిమ్మట. నగరము పుట్టుటకు ముందటి గాథలు చరిత్రకంటె కవులకే తగినవని ఆయనయే తన గ్రంథారంభమున చెప్పెను. అయినను ఆ కథలలో ఒక సత్యము దాగియున్నది. రోములసు తన పల్లెకు జనము చాలక, ఎచ్చటివారైనను వచ్చి తలదాచుకొనుడని చాటించెనట. పారిపోయి వచ్చిన బానిసలు, ఊరు లేనివారు, దిక్కు లేనివారు అందు చేరిరట. పిదప సబైనులు కలిసిరి. ఎట్రస్కనుల నాడు నుండి వచ్చినవారు రాజులైరి. తాము స్వచ్ఛమైన ఏకవంశము వారమని రోమకులు చెప్పుకొనలేదు. నలుగురు కూడిన జనమని చెప్పుకొనిరి.

నూజివీటి సీమ రైతులకు ఈ సంగతి వివరింప నక్కరలేదు. టెంక నుండి మొలిచిన మొక్క ఒకటి, దానికి కట్టిన కొమ్మ వేరొకటి. రెండును అతికిన తరువాత కాపు వచ్చును. జాతుల చరిత్రయు చాలవరకు అంటు చరిత్రయే.

తొలినాటి రోమకులు సేద్యగాండ్రు, గొడ్ల కాపరులు. వారి భాషలో ధనమునకు పేరు పశువు అను పదము నుండియే పుట్టినది. గోధనము అను మాట తెలిసినవారికి అది వింత కాదు. ఇంట తండ్రియే సర్వాధికారి. భార్యాబిడ్డలపై, బానిసలపై ఆతని మాటయే శాసనము. కూతురికి తనదైన పేరు కూడ సాధారణముగా ఉండెడిది కాదు. కొర్నీలియసు వంశమున పుట్టినది కొర్నీలియా, జూలియసు వంశమున పుట్టినది జూలియా. ఊరిలో పెత్తనము కులీనులది. మిగిలిన సామాన్యులు పొలము దున్నిరి, యుద్ధములకు పోయిరి, అప్పులపాలైరి. అప్పు తీర్చలేని రైతు అప్పిచ్చినవానికి కట్టుబానిస యగుట ఆనాటి ఆచారము.

క్రీ.పూ. 509లో రాజును వెడలగొట్టిన పిమ్మటను ఈ బాధ తీరలేదు. క్రీ.పూ. 494లో సామాన్యులు ఆయుధములు పట్టక, ఇండ్లు తగులబెట్టక, మూకుమ్మడిగా నగరమును విడిచి ఒక గుట్టపైకి పోయి కూర్చుండిరని చరిత్రకారులు వ్రాసిరి. దున్నువాడును లేక, పోరువాడును లేక కులీనులు దిగివచ్చిరి. సామాన్యుల పక్షమున నిలుచు అధికారులు అప్పుడేర్పడిరి. తరువాత వారు మరియొకటి కోరిరి. చట్టమును వ్రాసి చూపుమని. అంతవరకు న్యాయము కొలదిమంది నోట నుండెను. వారు చెప్పినదే చట్టము. క్రీ.పూ. 450 ప్రాంతమున పండ్రెండు ఫలకములపై చట్టములు వ్రాసి నలుగురు తిరుగు అంగడివీథిలో నిలిపిరి. ఆ చట్టములు మెత్తనివి కావు. అయినను అవి కంటికెదురుగా నుండెను. అప్పు బానిసత్వము పోవుటకు మరి నూరేండ్లకు పైగా పట్టినది. కాని దారి చూపినది ఆ అక్షరమే.

ఇక ఆంధ్రుల సంగతి. వీరి మొదటి పేరు కూడ గౌరవముగా వినబడినది కాదు. ఐతరేయ బ్రాహ్మణములో విశ్వామిత్రుడు తన మాట వినని కొడుకులను శపింపగా, వారి సంతతి పొలిమేరలలో నివసించు ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు మొదలగువారైరని కథ. ఆశ్రయము వెదకి వచ్చినవారి రోమువలెనే, వెలివేయబడినవారి ఆంధ్రము! క్రీ.పూ. 3వ శతాబ్దిలో అశోకుని శాసనము ఆంధ్రులను పేర్కొన్నది. ఆంధ్రులకు 30 ప్రాకారనగరములు, లక్ష కాల్బలము, 2,000 గుఱ్ఱములు, 1,000 ఏనుగులు కలవని రోమక పండితుడు ప్లినీ వ్రాసెను.

ఆంధ్రులకు లివీ వంటి చరిత్రకారుడు లేడు. ఆ కొరతను తీర్చినవారు పండితులు కారు. వృత్తిపనివారు, వర్తకులు, గృహిణులు. 1892లో భట్టిప్రోలు స్తూపమున దొరికిన ధాతుపేటికలపై కుబీరకుడను రాజు పేరుతోపాటు నిగమసభ్యుల పేర్ల పట్టిక కలదు. అమరావతిలో విధికుడను చర్మకారుడు పూర్ణకుంభము చెక్కిన పలకనొకదానిని దానము చేసి, తల్లిని, భార్యను, అన్నదమ్ములను, బిడ్డలను, బంధుమిత్రులను అందరిని పుణ్యములో భాగస్వాములను చేసి వ్రాయించెను. జగ్గయ్యపేటలో ఇక్ష్వాకు వీరపురుషదత్తుని 20వ పాలనావత్సరమున శిల్పి సిద్ధార్థుడు ఐదు ఆయకస్తంభములు నిలిపెను. ఘంటసాలలో శివకుడను మహానావికుని పేరు దొరికినది. ఈ తీరపు సన్నని వలువలు ఓడలపై విదేశములకు పోవుటను గ్రీకు నావికగ్రంథము పేర్కొన్నది. వినుకొండలో దొరికిన రోమక నాణెములును ఆ వర్తకమునకు సాక్ష్యములే.

ఇందు స్త్రీల విషయము ప్రత్యేకముగా గమనింపదగినది. రోమక కన్యకు తన పేరే కరవైన కాలమున, ఆంధ్రదేశమున స్త్రీలు తమ పేరుతో దానములు చేసి శాసనములు వేయించిరి. నాగార్జునకొండలో బోధిశ్రీ అను ఉపాసిక తాను చేయించిన కట్టడములను వరుసగా చెక్కించినది. అందు కంటకసోల, అనగా ఘంటసాల, మహాచైత్యమున కట్టించిన శిలామండపము ఒకటి. శాతవాహన రాజులు గౌతమీపుత్రుడు, వాసిష్ఠీపుత్రుడు అని తల్లి గోత్రముతో పేరు చెప్పుకొనిరి. దీనినిబట్టి రాజ్యము స్త్రీలదని చెప్పరాదు. రాజ్యము తండ్రి నుండి కొడుకునకే పోయినది. కాని తల్లి పేరు మరుగుపడలేదు.

రోమకులు గడ్డితో నిలుపుకొన్న గుడిసెను ఆంధ్రులు రాతిలో చెక్కుకొనిరి. నూజివీటికి ఈశాన్యముగా, కామవరపుకోట దగ్గర గుంటుపల్లి కొండలో గుండ్రని చైత్యగుహ కలదు. లోపలికి పోయి తలయెత్తి చూచినచో వాసములు, దూలములు కనిపించును, అన్నియు రాతివే. గుండ్రని పూరింటి కప్పును చూచి చెక్కిన పని అది. ఆనాటి సామాన్యుల ఇండ్లు మట్టిలో కలిసిపోయినను వాటి రూపము ఆ కొండలో నిలిచినది. ఆ కొండమీదనే సద మహారాజు లేఖకుడైన చుళగోముడు మండపమొకటి దానముచేసెను. ఒక వ్రాయసగాని పేరు రెండువేల యేండ్లు నిలుచుట అక్షరము చేసిన మేలు.

కాని నిలిచినవానికంటె పోయినవి ఎక్కువ. అమరావతి పలకలు 18వ శతాబ్ది చివర నుండి ఇండ్లకును, కట్టడములకును తరలిపోయినవి. కొన్ని సున్నపుబట్టీలలో కాలిపోయినవి. మిగిలినవానిలో పెక్కు చెన్నైకి, లండనుకు చేరినవి. వాటిని కాల్చినవారు దుర్మార్గులు కారు. ఆ గీతలు అక్షరములని, అందు తమవంటి పనివారి పేర్లు కలవని ఎరుగనివారు. పొలముగట్టున పడియున్న వ్రాతరాయి, చెరువుకట్టపై వీరగల్లు, గుడి గోడకు ఆనించిన పలక నేటికిని గ్రామములలో కలవు. రాతిని కదలింపక, సున్నము పూయక, పురావస్తుశాఖకు తెలియజేయుట చదువుకొన్నవాని పని. అట్టివానిని తయారుచేయుట గ్రంథాలయము పని.

పండ్రెండు ఫలకములు అంగడివీథిలో నిలిచినపుడు రోమక సామాన్యునికి కలిగిన బలమేదో, గ్రామమున పుస్తకముల బీరువా తెరచినపుడు కలుగునదియు అదియే. గ్రంథాలయపు చందాదారుల పట్టికలో రైతు, వడ్రంగి, ఉపాధ్యాయుడు, గృహిణి ఒకరి క్రింద ఒకరు వ్రాయబడియుందురు. భట్టిప్రోలు నిగమసభ్యుల పట్టికయు, విధికుని పలకయు అట్టివే. చదువరులున్నంత కాలము ఆ పేర్లు నిలుచును.